నేను ఏరేసిన రాళ్ళు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ ఒకరోజు అడిగింది, "ఇంతకీ ఏం పనే నీది?" అని.

"చిల్లులు కొలవడం" అన్నాను.

"దేనికున్న చిల్లులు?"

"బొగ్గుకు, మట్టికి, రాయికి."

అమ్మ నా మొహంలోకి కాసేపు చూసి, "దీనికి జీతం గూడ ఇస్తరా?" అంది. ఇచ్చారు. పోయిన ఏడాది రిటైరయ్యేదాకా ఇచ్చారు. ఇప్పుడు జగదల్‌పూర్‌లో అద్దె ఇంట్లో కూర్చుని, ప్రయోగశాల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ళ సంగతి రాయను. అవి మీకు ఎలాగూ తెలుస్తాయి. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, అది ఎలా గట్టెక్కిందో దాని గురించి రాస్తాను. ఇన్నాళ్ళూ బయట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి భయం లేదు.

చిల్లుల పని

మాది కొంటా వైపు వ్యవసాయ కుటుంబం. ఇంట్లో తెలుగు, పక్కింటి వాళ్ళతో దోర్లీ, బడిలో హిందీ, ఉద్యోగానికొచ్చాక బజారులో హల్బీ. భద్రాచలంలో డిగ్రీ చదివి జగదల్‌పూర్‌లో ఒక చిన్న పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా చేరాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు.

పైకి గట్టిగా కనిపించే బొగ్గు ముక్క లోపల కంటికి ఆనని చిల్లులు లెక్కలేనన్ని ఉంటాయి. నీళ్ళను దాని గుండా పోనిస్తే నీళ్ళలోని చెడు కొంత ఆ చిల్లుల గోడలకు అంటుకుని ఆగిపోతుంది. మంచి బొగ్గు ఒక్క గ్రాము తీసుకుని లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే చిన్న వరిమడి అంత అవుతుంది. చిల్లులు ఎంత పెద్దవి, ఎన్ని ఉన్నాయి, గోడలు దేనితో చేసినవి అన్నదాన్ని బట్టి ఏ పదార్థం దేన్ని పట్టుకుంటుందో తేలుతుంది.

కొలవడానికి ముందు ముక్కను వేడిచేసి లోపలి తేమంతా లాగెయ్యాలి. తర్వాత దాన్ని లిక్విడ్ నైట్రోజన్ చలిలో ఉంచి, ఎంత వాయువును పట్టుకుంటుందో చూడాలి. ఆ నైట్రోజన్ మాకు రాయ్‌పూర్ నుంచి బండిలో వచ్చేది. బండి రాకపోతే పశువుల ఆస్పత్రికి పరుగెత్తేదాన్ని. ఎద్దుల వీర్యం నిలవ ఉంచే డబ్బాల్లో వాళ్ళు పోసేది అదే. అక్కడి కాంపౌండర్ నా డబ్బా నింపుతూ, "ఏం మేడమ్, మీ బొగ్గుకు కూడా దూడ పుడుతుందా?" అనేవాడు. వెళ్ళిన ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ అదే నవ్వు. నైట్రోజన్ కావాలి కాబట్టి నేనూ నవ్వేదాన్ని.

తివారీ సార్

మా పెద్దాఫీసరు తివారీ సార్. నవ్వడం ఎరగని మనిషి. తాను రిటైరయ్యాక కూడా సలహాదారుగా ప్రయోగశాలకు వస్తూనే ఉన్నారు. చేరిన మొదటి నెలలో నేను తొందరపడి, తేమ పూర్తిగా పోని బొగ్గును మెషిన్‌లో పెట్టాను. లెక్క బాగా తక్కువొచ్చింది. ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. ఆయన కాగితం చూసి, "ఇది బొగ్గా, ఇటుకా?" అన్నారు.

"మెషిన్ చూపించిందే రాశాను సార్."

"మెషిన్ ఝూఠ్ నహీ బోల్తీ, నాగమణీ. నువ్వు లోపల ఏం పెడితే దాని సంగతే చెప్తుంది. నువ్వు పెట్టింది తడి బొగ్గు. అది తడి బొగ్గు గురించి నిజమే చెప్పింది."

అదే ముక్కను పది రోజుల పాటు కొలిపించారు. లోలోపల ఎంత తిట్టుకున్నానో! ఆయన చెప్పిన ఆ ఒక్క మాట సరిగ్గా అర్థం కావడానికి మాత్రం నాకు రిటైర్‌మెంట్ దగ్గరపడాల్సి వచ్చింది.

హాస్టల్ బోరింగు

కొంటా వైపు ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఒకటుంది. ఊరి పేరు రాయను. అక్కడున్నది ఒకే బోరింగు. ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గీతలు పడ్డాయి. కొందరు మోకాళ్ళు నొప్పులంటున్నారు. వచ్చేసారి బడి తెరిచేలోగా నీళ్ళు బాగుపడకపోతే హాస్టల్ మూసి పిల్లల్ని దూరపు హాస్టళ్ళకు పంచేస్తామని పై నుంచి మాట వచ్చింది.

హాస్టల్ అధీక్షిక, అంటే వార్డెన్, లక్ష్మి అక్కడి మనిషే. నా చెయ్యి పట్టుకుని, "దూరం పంపితే సగం మంది పోరక్కా. ఇంటికాడ్నే ఉండిపోతరు. ఆడపిల్ల ఒకపాలి ఇంటికాడ ఆగిందంటే మళ్ళ బడికి రాదు. ఏమన్న చెయ్యి" అంది.

పట్నం నుంచి ఫిల్టరు మందు కొని పోస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. అలా పోసిన ఫిల్టర్లు నేను చాలా చూశాను. మొదటిసారి పోసినది అయిపోతుంది, రెండోసారి తెచ్చేవాళ్ళుండరు, డ్రమ్ము తుప్పు పడుతుంది. అందుకని చుట్టుపక్కల దొరికే మట్టిలోనే ఫ్లోరైడ్‌ను పట్టేది వెతకాలని అనుకున్నాం. మా వైపు ప్రతి ఊరికీ గోడలు అలికే మట్టి గుంత ఒకటుంటుంది. ఎర్రది, పచ్చది, తెల్లది, ఊరికో రకం. తోంగ్‌పాల్ నుంచి సుక్మా, అక్కడ్నుంచి కొంటా, గొల్లపల్లి అవతలి దాకా ఊరూరూ తిరిగి ఆ మట్లు తెచ్చే పని నా మీద పడింది.

దారిలో ప్రతి భద్రతా బలగాల క్యాంపు దగ్గరా బస్సు ఆపి సంచులు విప్పించేవాళ్ళు.

"క్యా హై ఇస్‌మే?"

"మట్టి."

"ఔర్ ఇస్‌మే?"

"అదీ మట్టే, భయ్యా. కానీ వేరే ఊరిది."

ఆ జవాను మట్టిని చూసి, నన్ను చూసి, పక్కనున్న జవానును చూసేవాడు. కొన్నాళ్ళకి నేను బస్సు దిగకముందే "మట్టీవాలీ మేడమ్ ఆగయీ" అనడం మొదలుపెట్టారు.

ముత్తమ్మ పెట్టిన షరతు

గొల్లపల్లి దాటాక కాలినడకన పోవాల్సిన ఒక ఊళ్ళో మట్టి గుంత మీద పెత్తనం ముత్తమ్మది. డెబ్బై ఏళ్ళుంటాయేమో, నోట్లో పొగాకు, చేతిలో గడ్డపార. ఆమె మనవరాలు ఆరో తరగతి, నేను చెప్పిన ఆ హాస్టల్లోనే ఉంటోంది. ఆ పిల్ల పళ్ళ మీదా గీతలున్నాయి.

"మట్టి తీస్కపో. మా పిల్ల కోసమే అంటున్నవ్ గద" అంది ముత్తమ్మ. "రాళ్ళు మట్టుకు మళ్ళ తెచ్చియ్యాలె. మా గుంత రాళ్ళు వేరే ఊళ్ళె పడొద్దు."

"ఎందుకట్లా?"

"ఏందే, ఎందుకంటవ్? మా అమ్మ చెప్పింది, నేను జెప్తున్న."

సరేనని మాటిచ్చి, మట్టిని ప్రయోగశాలకు తెచ్చి జల్లించాను. అలికే మట్టిలో గుల్ల రాయి ఉంటే గోడ మీద గీతలు పడతాయి. మట్టి చేతికొస్తే రాయి ఏరెయ్యడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటు. ఆ ఊరి మట్టికే కాదు, తెచ్చిన ప్రతి ఊరి మట్టికీ అలాగే చేశాను. జల్లించిన మెత్తటి మట్టి ఒక సంచిలో, ఏరిన రాళ్ళు ఒక మూటలో. ఒక ఊరికి మాటిచ్చి ఇంకో ఊరి రాళ్ళు పారెయ్యడానికి మనసొప్పలేదు. అన్ని మూటలకూ ఊరి పేరు చీటీ కట్టి ప్రయోగశాల వెనక గోడ పక్కన రేకు కింద వరసగా పెట్టాను. మళ్ళీ వెళ్ళినప్పుడు ఎవరివి వాళ్ళకు ఇచ్చెయ్యాలని. వానలు పడి వాగులు పొంగాయి, వెళ్ళడం కుదరలేదు.

అనూష వేసిన పటం

అప్పుడే వరంగల్ నుంచి అనూష అనే అమ్మాయి మా దగ్గరకు పరిశోధనకు వచ్చింది. మెషిన్ లెర్నింగ్ తెలిసిన పిల్ల. ప్రపంచంలో మనుషులు తయారుచేసినవి, కంప్యూటర్‌లో ఊహించి కట్టినవి, ఇలాంటి చిల్లుల పదార్థాలు ఇప్పుడు ఒక మనిషి జన్మలో చూడలేనన్ని ఉన్నాయట. వాటన్నిటి కొలతలూ కంప్యూటర్‌కి ఇస్తే, పోలికలున్నవాటిని దగ్గరగా, లేనివాటిని దూరంగా పెట్టి అది ఒక పటం వేస్తుంది. దేనికి ఏ గుణం ఉందో చూసి నేర్చుకుని, పరీక్షించని వాటి గుణం కూడా అంచనా కడుతుంది. మా మట్ల కొలతలు కూడా ఆమె దానికి ఇచ్చింది. నూట యాభై పైచిలుకు ఊళ్ళ మట్లలో తోంగ్‌పాల్ వైపు మట్టి ఒకటి ఫ్లోరైడ్‌కి పనికొస్తుందని అది చెప్పింది.

ఆ మట్టిని ఉండలు చేసి కాల్చి హాస్టల్ ఫిల్టరులో పోశాం. పరీక్ష సులువే. నీళ్ళలో మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఆ గులాబీ పసుపుకు తిరుగుతుంది. మొదటిరోజు గులాబీయే వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మూడో వారం లక్ష్మి ఫోన్ చేసింది.

"అక్కా, పసుపొచ్చింది."

నాకు కంప్యూటర్ మీద ఒళ్ళు మండింది. అనూషతో, "నీ మెషిన్‌కి మట్టి గురించి ఏం తెలుసమ్మా? అది ఎప్పుడైనా గోడ అలికిందా?" అన్నాను. ఆ పిల్ల తెర నా వైపు తిప్పింది.

"మేడమ్, ఈ చుక్కలన్నీ ప్రపంచంలోని పదార్థాలు. ఎంత దూరం పరుచుకున్నాయో చూడండి. మనవి ఇవి." మా చుక్కలన్నీ ఆమె బొటనవేలి కింద దాగిపోయాయి. "తోంగ్‌పాల్ మట్టీ, గొల్లపల్లి అవతలి మట్టీ ఒకేచోట కూర్చున్నాయి. ఇన్ని ఊళ్ళ మట్టి ఇంత ఒకే తీరుగా ఎందుకుంది?"

"మట్టి మట్టే కదమ్మా."

"అలాగైతే ఇన్ని ఊళ్ళు తిరగడం దేనికి మేడమ్? ఒక్క ఊరిది తెస్తే చాలుగా. మనం దీనికి ఒకే రకం చూపించాం. ఉన్నవాటిలో కొంచెం నయమైనదాన్ని అది చెప్పింది, అంతే. మీరు సంచిలో పోసేముందు మట్టిని ఏమైనా చేస్తారా?"

"ఏమీ చెయ్యను" అన్నాను. అబద్ధమాడాలని అనలేదు. నిజంగానే ఏమీ చెయ్యలేదనుకున్నాను.

కందిపప్పు

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. ఏరుతూ ఏరుతూ నా వేళ్ళ వంక చూసుకున్నాను. చేట పక్కన పెట్టేశాను.

ఇన్ని ఊళ్ళ మట్టినీ నేనే ఒకటి చేశాను. ఊరికీ ఊరికీ తేడా ఉన్నది ఆ రాళ్ళల్లో. దాన్ని ఏరేసి, మిగిలిన మెత్తటి పిండిని కొలిచాను. మా ఫారంలో "నమూనాను శుభ్రం చేశారా?" అని ఒక గడి ఉంటుంది. ప్రతిసారీ "లేదు" అనే రాశాను. మట్టిలో రాయి ఏరడం నా దృష్టిలో శుభ్రం చెయ్యడం కాదు. అది మట్టిని ముట్టుకోవడంలో ఒక భాగం.

రెండురోజులు నోరు విప్పలేదు. ఈ మాట దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే మీరూ ఎప్పుడో ఒకప్పుడు అలాగే నోరు మూసుకుంటారు. రిటైర్‌మెంట్ ఇంకా మూడు నెలలే ఉంది. నేను మాట్లాడకపోతే ఆ మట్టి పనికిరాదని రాసేసి ఫైలు కట్టేస్తారు. నా పేరుకు మచ్చ రాదు. హాస్టల్ మాత్రం మూతపడుతుంది. పప్పు కూడా సరిగ్గా తినలేకపోయాను. లక్ష్మి ఫోన్ మోగితే ఎత్తలేదు.

మూడోరోజు పొద్దున్నే తివారీ సార్ గదిలోకి వెళ్ళి నిలబడే మొత్తం చెప్పాను. అనూష కూడా అక్కడే ఉంది. సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ రాళ్ళు ఏం చేశావు?"

"వెనకాల గోడ పక్కన ఉన్నాయి సార్. ఊరికో మూట. చీటీలు కట్టి ఉన్నాయి."

"పారెయ్యలేదా?"

"తిరిగిస్తానని మాటిచ్చాను సార్."

ఆయన లేచి చెప్పులైనా వేసుకోకుండా వెనక్కి నడిచారు. మేము వెంట వెళ్ళాం. రేకు కింద మూటలన్నీ వరసగా, చీటీలతో, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆయన ఒక మూట చేత్తో పైకెత్తి బరువు చూసి, అక్కడే మెట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళలో ఆయన పళ్ళు నేను చూడడం అదే మొదలు. నాకేమో ఏడుపొచ్చింది. అనూష నా భుజం మీద చెయ్యి వేసింది. గుండెల మీంచి బండ దిగినట్టయింది, ఇప్పుడు తలుచుకున్నా అలాగే ఉంటుంది.

రాళ్ళ వంతు

ఆ మూడు నెలలూ నేను పనిచేసినంత ఎప్పుడూ చెయ్యలేదు. రాళ్ళు దంచడం, వేయించడం, తేమ తీయడం, కొలవడం. కాంపౌండర్ దూడ జోకు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అనూష మళ్ళీ పటం వేసింది. ఈసారి మా చుక్కలు బొటనవేలి కింద పట్టలేదు. తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు చెదిరిపోయాయి. "ఇప్పుడు మీ ఊళ్ళు కనపడుతున్నాయి మేడమ్" అంది ఆ పిల్ల. నాకు నచ్చిన మాట అది.

ఈసారి అది నాలుగు ఊళ్ళ రాళ్ళను చెప్పింది. అది వద్దన్నవి రెండు కూడా పరీక్షించాలని తివారీ సార్ పట్టుబట్టారు. అవి నిజంగానే పనికిరావని తేలాక దాని మాట మీద నమ్మకం కుదిరింది. అది చెప్పిన నాలుగింటిలో ఒకటి నీళ్ళలో కరిగి బురదైపోయింది. రెండు పరవాలేదనిపించాయి. నాలుగోది వేడిచేస్తే లోపలి చిల్లులు తెరుచుకుని ఫ్లోరైడ్‌ను వదలకుండా పట్టింది. అల్యూమినియం బాగా ఉన్న గుల్ల రాయి. మూట తిప్పి చీటీ చూశాను. ముత్తమ్మ ఊరిది.

ఆ రాళ్ళు వేయించి హాస్టల్లో పోశాం. మొదటిరోజు గులాబీ. ఎవరమూ చప్పట్లు కొట్టలేదు. మూడో వారం లక్ష్మి ఫోన్ వచ్చింది. ఎత్తడానికి నా చెయ్యి రాలేదు, అనూషే ఎత్తి స్పీకర్ పెట్టింది.

"అక్కా, గులాబీయే! రెండుపాల్లు చూసిన. గులాబీయే!"

నెల దాటింది, నేను రిటైరయ్యాను, రెండు నెలలు దాటాయి, బడి తెరిచారు, హాస్టల్ మూయలేదు. నాకు కప్పిన శాలువా ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. ఆ ఫోన్ మాత్రం బాగా గుర్తుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకు నా మాట ఒక్కటే. మెషిన్ లెర్నింగ్‌ని చూసి భయపడకండి, దానికి దండం కూడా పెట్టకండి. మీరు చూపించిందే అది చూస్తుంది. రోడ్డు పక్క ఊళ్ళే చూపిస్తే లోకమంతా రోడ్డు పక్కనే ఉందనుకుంటుంది. మన చేతులు మనకు తెలియకుండానే కొన్నిటిని ఏరి పక్కన పెట్టేస్తాయి. అవేమిటో పక్కనున్న మనిషిని అడిగితేనే తెలుస్తుంది. అనూష అడిగింది కాబట్టి నాకు తెలిసింది. అలా అడిగే పిల్లల మీద ఒళ్ళు మండినా ఓర్చుకోండి.

మళ్ళీ గుంత దగ్గరికి

ఒక పని మిగిలిపోయింది. ఫిల్టరులోని రాళ్ళు ఎల్లకాలం పనిచెయ్యవు. చిల్లులు నిండాక మార్చాలి. దీపావళి దాటితే కొత్త రాళ్ళు కావాలని లక్ష్మి అంది. ఊరి పెద్దల్ని అడిగిస్తే, "ముత్తమ్మ ఒప్పుకుంటే మాకేం" అన్నారట. తిరిగిస్తానని తెచ్చిన రాళ్ళు వాడేసుకున్నదాన్ని, ఇంకా ఇమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా నేనే వెళ్ళాలి. మిగతా ఊళ్ళ మూటల్లో మిగిలిన రాళ్ళు దారి పొడుగునా ఎవరివి వాళ్ళకిచ్చి, చివరికి ఖాళీ సంచితో ఆమె ముందు నిలబడ్డాను.

"నా రాళ్ళేవే?" అంది ముత్తమ్మ, పలకరింపు కూడా లేకుండా.

"హాస్టల్ల ఉన్నయమ్మా. నీళ్ళు వాటిల నుంచే దిగుతున్నయి. నీ మనవరాలు ఆ నీళ్ళే తాగుతున్నది. నిన్నడగకుండ వాడినం. తప్పయింది."

"మా గుంత రాళ్ళేనా?"

"మీ గుంతయే. ఎన్ని ఊళ్ళయి చూసినా మీవే పనికొచ్చినయి. ఆర్నెల్లకోపాలి మార్చాలె. అవి లేకపోతే మళ్ళ పాత నీళ్ళే."

ఆమె పొగాకు ఉమ్మి, నోరు తుడుచుకుంది. నేను ఆమె మొహం వైపు చూడలేక గుంత వైపు చూస్తున్నాను.

"వేరే ఊళ్ళె పడొద్దన్న గద" అంది.

"అన్నవ్."

"పిల్ల మాదే గద."

గోడకు ఆనించిన గడ్డపార తీసుకుని గుంతలోకి దిగింది. నా చేతిలోని సంచి వంక చూసి విసుక్కుంది.

"గింత సంచి దెస్తివేందే? పిల్లలెంతమంది ఉన్నరు?"